పగలు నిద్రపోయే ఇంట్లో పాలపళ్ళు

అమ్మకు,

నమస్కారం. గురువారం ఉదయం తొమ్మిదింపావుకి పిడుగుకి మత్తిచ్చి నాలుగు పళ్ళు తీసేశారు. ఇంకో నాలుగింటికి తొడుగులు వేశారు. అది తప్పిస్తే మేం ముగ్గురం క్షేమమే. పిల్లకి జ్వరం లేదు, రక్తం ఆ రోజే ఆగిపోయింది, నిన్నటి నుంచి మెత్తటివన్నీ తింటోంది. నువ్వూ, చెల్లీ, బావా, బుడ్డోడూ బాగున్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో నీ ఉత్తరంలో లేదు. నాలుగు పేజీల్లో మూడు నన్ను తిట్టడానికే సరిపోయాయి కాబట్టి మోకాలికి చోటు దొరకలేదని అర్థం చేసుకున్నాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. మూడుసార్లు చెప్పబోయాను. మొదటిసారి "పాలపళ్ళేగా, దానికింత హడావిడా" అన్నావు. రెండోసారి ఫోన్ తీసుకెళ్ళి బుడ్డోడి చెవికి పెట్టి "మావయ్యతో మాట్లాడు నాన్నా" అన్నావు. ఎనిమిది నెలల వాడితో దవడపళ్ళ గురించి నేనేం మాట్లాడను? మూడోసారి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేశావు. అందుకే కాగితం తీశాను. ఉత్తరం మధ్యలో పాలు పొంగినా, దింపేసి వచ్చి ఆపినచోట నుంచి చదువుకోవచ్చు.

నీ ప్రశ్నలకి జవాబులు రాస్తాను. కోపం తెచ్చుకోకుండా రాద్దామని కూర్చున్నాను. ఎంతవరకు సాగుతుందో చూడాలి.

ఎలాగూ ఊడిపోయే పళ్ళ కోసం పసిదాన్ని మత్తిచ్చి పడుకోబెట్టడమేమిటని అడిగావు. నేనూ పళ్ళ డాక్టరుని ఇదే అడిగాను. ముందుపళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి, వెనక దవడపళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలట. పిడుగుకి నాలుగున్నర. ఇంకో ఆరేళ్ళు అది ఆ పళ్ళతోనే నమలాలి. పైగా రెండు పళ్ళ కింద చీము పట్టింది. ఆ చీము కిందనే, ఇంకా బయటికి రాని అసలు పళ్ళు ఉంటాయి. ఎక్స్‌రేలో చూపించింది. "పాలపళ్ళు పోతే పోయాయిలే అని వదిలేస్తే, వచ్చే పళ్ళు మచ్చలతో వస్తాయి, వంకరగా వస్తాయి. ఈలోపు పిల్ల తినదు, నిద్రపోదు. మీరు దేనికోసం ఆగుతున్నట్టు?" అంది. దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

"ఆవిడకి పని కావాలిగా, అందుకే చెప్పింది" అని కూడా రాశావు. అమ్మా, మేం నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉంటే బాగుండేది. వెళ్ళలేదు. ఊళ్ళో ఉన్న డాక్టర్లందరినీ చూసి, ఆఖరికి ఆవిడ దగ్గరికి చేరాం. ఎలాగో చెప్తాను.

నువ్వు చెల్లి దగ్గరికి వెళ్ళిన వారానికే బడి టీచరు నీ కోడల్ని పిలిపించింది. "మీ పాప తిండి డబ్బా అందరితో పాటే తెరుస్తుంది. అందరూ కడుక్కుని ఆటకి వెళ్ళిపోయినా ఇంకా మూయదు. మూసేటప్పటికి సగం అలాగే ఉంటుంది. పాటల క్లాసులో నోరు తెరవదు. పిలిస్తే పలకదు. ఒకసారి చెవులు పరీక్ష చేయించండి" అంది.

"మా ఇంట్లో అందరం మెల్లగానే మాట్లాడతామండీ" అంది నీ కోడలు.

"మెల్లగా కాదమ్మా. అసలు మాట్లాడదు."

నీ కోడలు ఇంటికొచ్చి ఆ టీచరుని కడిగేసింది, నా ముందు. ఆవిడ ముందు కాదు. "నా కూతురికి చెవుడంటుందా? పక్కవీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట వినిపిస్తే మనకన్నా ముందు లేచేది ఎవరు?" అని. అయినా అనుమానం అనుమానమే కదా. పిల్ల అప్పుడప్పుడూ ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంటోంది. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చెవుల్లో గొట్టాలు పెట్టి, గంటలు కొట్టి, "ఈ పిల్లకి నాకన్నా బాగా వినిపిస్తోంది" అన్నాడు. నొప్పి అంటోంది కాబట్టి చుక్కలమందు రాశాడు. నెలరోజులు వేశాం. పన్ను నొప్పికి చెవిలో మందు! దవడ పన్ను నొప్పి చెవిలోకి పాకుతుందని తర్వాత తెలిసింది. ఆయన నోరు తెరిపించి చూడలేదు. ఆయన సరిహద్దు చెవి వరకే.

అదే సమయంలో నువ్వు ఫోన్ చేసి, తినడం లేదంటే కడుపులో నులిపురుగులు ఉంటాయన్నావు. సరే, దానికీ మందు వేశాం. మందుల షాపు అతను మమ్మల్ని చూడగానే "ఈసారి ఏ భాగానికి?" అని అడిగే స్థాయికి వచ్చాం.

ఇంకో సంగతి. పోయినేడు కొన్న నీలం గౌను ఈ ఏడు కూడా చక్కగా సరిపోయిందని నువ్వూ, నేనూ, నీ కోడలూ ముగ్గురం మురిసిపోయాం, గుర్తుందా? గౌను గట్టిదని మెచ్చుకున్నాం. పిల్ల పెరగలేదన్న మాట మన ముగ్గురిలో ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

మూడు వారాల కిందట, బడి సెలవు రోజు మధ్యాహ్నం నేను నిద్ర లేచేసరికి పిడుగు నా మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఎడమ బుగ్గ బన్నులా ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది.

"ఎప్పటి నుంచే ఇది?"

"నువ్వు పడుకున్నప్పటి నుంచి." గుసగుసగా చెప్పింది.

"నన్ను లేపొచ్చుగా తల్లీ?"

"నువ్వు పడుకున్నావుగా" అంది.

నేను రాత్రంతా డిపోలో బస్సుల కింద పడుకుని రిపేర్లు చేస్తూ, వచ్చే ప్రతి చప్పుడూ ఎక్కడిదో చెప్పగలను. నా మంచం పక్కన పిల్ల ఐదు గంటలపాటు బుగ్గ పట్టుకుని కూర్చుంటే నాకు తెలియలేదు. ఎందుకంటే అది చప్పుడు చెయ్యలేదు. మన ఇంట్లో చప్పుడు చెయ్యకూడదు కదా.

ఆ సాయంత్రమే పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. నీ కోడలు రొట్టెల కార్ఖానా నుంచి అటే వచ్చేసింది, చేతులకి ఇంకా పిండి ఉంది. డాక్టరు పిల్ల నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, పక్కన రాసుకునే అమ్మాయికి ఒక్కో పన్ను లెక్క చెప్తూ పోయింది. ఇరవై పళ్ళలో ఎనిమిది పుచ్చాయి. మా ఇద్దరి మొహాలూ చూసి కుర్చీ మా వైపు తిప్పుకుంది.

"పాలసీసా అలవాటుందా?"

"ఉందండీ" అన్నాను.

"నిద్రలో ఇస్తారా?"

"నేను రాత్రి డ్యూటీ నుంచి ఏడింటికి వచ్చి పడుకునే ముందు ఒక్కటి ఇస్తానండీ. అది నా పక్కన పడుకుని తాగుతుంది. అంతే" అన్నాను.

"నేను పొద్దున్నే వెళ్ళేముందు ఒక్కటి. లేచిందంటే ఇక నన్ను కదలనివ్వదు" అంది నీ కోడలు. తర్వాత కాస్త ఆగి, "రాత్రి పడుకునేటప్పుడు ఒకటి. మధ్యలో కదిలితే ఇంకోటి" అంది.

నేను తన వైపు తిరిగాను. "మధ్యలో కూడానా?"

"మరి పిల్ల లేచాక తాగడానికని ఆయన మంచం పక్కన పెట్టి పడుకునేదో?" అంది డాక్టరుతో, నాతో కాదన్నట్టు.

"అది లెక్కలోకి రాదుగా, అది పగలు కదా" అన్నాను.

డాక్టరు మమ్మల్ని వదిలేసి పిల్లని అడిగింది. "నువ్వు చెప్పు తల్లీ, ఎన్ని తాగుతావు?" పిడుగు ఒక చేతి వేళ్ళన్నీ చాపింది. "నానమ్మ ఉన్నప్పుడో?" అంది నీ కోడలు. రెండో చెయ్యి తీసి ఇంకో వేలు కలిపింది.

"చక్కెర వేస్తారా?" అని అడిగింది డాక్టరు.  ప్రతి సీసాలోనూ రెండు చెంచాలు. నువ్వు వేసేదానివి, నీ కోడలు వేసేది, నేను వేసేవాణ్ణి. ఎవరికి వాళ్ళం, నేను ఒక్కటేగా ఇచ్చేది, ఒక్కదానికి ఏమవుతుందిలే అనుకున్నాం. మామూలు ఇళ్ళల్లో రాత్రి ఒకసారే వస్తుంది. మన ఇంట్లో ఎవరి రాత్రి వాళ్ళది. ఎవరి రాత్రికి వాళ్ళు పిల్లని నిద్రపుచ్చారు. సీసా కడిగి బోర్లించి పెట్టేవాళ్ళకి అది అంతకుముందు ఎన్నిసార్లు నిండిందో తెలియదు.

నిద్రలో నోట్లో ఉమ్మి తక్కువ ఊరుతుందట. తీపి పాలు పళ్ళ మీద నిలిచిపోతాయట, కడిగేది ఉండదు. కింది ముందుపళ్ళు నాలుక చాటున ఉంటాయి కాబట్టి తప్పించుకుంటాయి, పైవి మునిగిపోతాయి. పిడుగు నోట్లో సరిగ్గా అలాగే ఉంది. కింద ముత్యాలు, పైన మసి.

ఇప్పుడు నీ మూడో ప్రశ్నకి వస్తాను. "నేను ఉన్నన్నాళ్ళూ రోజూ పళ్ళు తోమించాను. నా చేతుల్లో పెరిగిన పిల్లకి పళ్ళు పుచ్చడమేమిటి?" అని రాశావు. తోమించావు, నేను చూశాను, అబద్ధమెందుకు. పొద్దున వేలితో పొడి రుద్ది, నోరు పుక్కిలింపించి, ఆ వెంటనే సీసా ఇచ్చేదానివి. రాత్రి తోమించడం మనకెవరికీ లేదు. అయినా అంతకన్నా ఘోరం నువ్వు వెళ్ళాక జరిగింది. దానికి నువ్వు బాధ్యురాలివి కాదు, నిశ్చింతగా చదువు.

డాక్టరు పిడుగు చేతికి ఒక బ్రష్షు ఇచ్చి, రోజూ ఎలా తోముకుంటావో చూపించమంది. పిల్ల దాన్ని నోట్లో పెట్టి, అటూ ఇటూ రెండుసార్లు ఆడించి, తీసి బల్లమీద పెట్టేసింది.

"నీళ్ళు?" అంది డాక్టరు.

"నీళ్ళు వద్దు."

"ఎందుకు వద్దు?"

"కుళాయి అరుస్తుంది. నాన్న లేస్తాడు."

మన స్నానాల గది కుళాయి సంగతి నీకు తెలుసు. తిప్పితే చాలు, గోడలో గొట్టం ఆంబులెన్సులా కూస్తుంది. ఆ గోడకి ఇవతల నా మంచం. నాన్న లేచేదాకా కుళాయి తిప్పకూడదని ఆర్డరు వేసింది ఎవరో నాకు గుర్తులేదు, ముగ్గురం వేసి ఉంటాం. డోర్‌బెల్ వైరు పీకేసినవాణ్ణి నేను. కుక్కర్ ఒంటిగంట దాటాకే పెట్టాలన్నది నువ్వు. చెప్పులు గుమ్మం బయటే విడవాలన్నది నీ కోడలు. నువ్వు ఉన్నప్పుడు బకెట్లో నీళ్ళు పట్టి ఉంచేదానివి. నువ్వు వెళ్ళాక బకెట్ సంగతి మాకు గుర్తురాలేదు. పిల్ల రెండు నెలలపాటు పొడి బ్రష్షు నోట్లో పెట్టుకుని, తీసి, తోముకున్నాననుకుంది. నీ కోడలు సాయంత్రం అడిగితే "తోముకున్నా" అనేది. అది అబద్ధం కాదు.

ఆ రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు స్పానర్ తీసుకుని కుళాయి విప్పాను. లోపల వాషర్ అరిగిపోయి ఉంది. మార్చడానికి పావుగంట కూడా పట్టలేదు. రెండేళ్ళుగా కూస్తోంది, నేను ఊరందరి బస్సులూ బాగుచేస్తున్నాను. నీ కోడలు తలుపుకి ఆనుకుని చూస్తూ నిలబడింది. ఏదో ఒక మాట అంటే బాగుండేది.

తర్వాత రెండు వారాలు మందులు వాడి, చీము తగ్గాక గురువారానికి రమ్మన్నారు. ఈలోపు సీసాలు మానేశాం. సీసా లేకపోతే ఇల్లు కూలిపోతుందనుకున్నాం కదా. మొదటి మూడు రోజులు కూలింది. పిల్ల మూలుగు, నీ కోడలి విసుగు, నేను నిద్రలేక డిపోలో ఒక బస్సు ఆయిలు ఇంకో బస్సులో పోసి సూపర్‌వైజరు చేత తిట్లు. నాలుగోరోజు నుంచి గ్లాసుతో మంచినీళ్ళు తాగి పడుకుంది. నాలుగంటే నాలుగు రోజులమ్మా. దీన్ని తప్పించుకోవడానికి నాలుగేళ్ళు చక్కెర పోశాం.

గురువారం పిల్లని లోపలికి తీసుకెళ్ళాక మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. నీ కోడలూ నేనూ ఇద్దరం మెలకువగా, ఒకే చోట, ఒకే సమయానికి కూర్చుని చాలా కాలమైంది.  ఎదురుగోడ మీద నవ్వుతున్న పన్ను బొమ్మ ఉంది, దానికి చేతులూ కాళ్ళూ పెట్టారు.

"పన్నుకి మళ్ళీ పళ్ళు వేశారు చూడు" అంది తను.

"అవునే. అవి పుచ్చితే ఎవరు చూస్తారు?" అన్నాను.

ఇద్దరం నవ్వబోయి, లోపల ఏదో చప్పుడైతే ఆగిపోయాం.

పిల్లని మత్తు దిగే గదిలోకి తెచ్చాక మమ్మల్ని పిలిచారు. పెదాలు వాచి, చిన్న దూది ఉండ కొరికి పట్టుకుని ఉంది. కళ్ళు తెరిచింది. మమ్మల్ని చూసింది. అప్పుడు ఏడ్చిందమ్మా. పుట్టినప్పుడు ఆసుపత్రి మొత్తం ఉలిక్కిపడేలా ఏడ్చిందని నువ్వు పిడుగని పేరు పెట్టావే, అలా. ఆ గొంతు దానికి ఇంకా ఉందని నాకు తెలియదు. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? వేలు పెదాల మీద పెట్టి "ష్" అన్నాను.

నర్సు మంచానికి అవతలి వైపు నుంచి నన్ను చూసింది. "ఇక్కడ ఎవరు పడుకున్నారండీ?" అంది.

నిజమే, ఎవరూ పడుకోలేదు. మధ్యాహ్నం పన్నెండు కాలేదు, గది నిండా ఎండ.

నీ కోడలు నా చెయ్యి కిందికి లాగేసి పిల్లని ఎత్తుకుంది. "ఏడువు తల్లీ, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడువు" అంది. అది మాట విన్నట్టే చాలాసేపు ఏడ్చింది.

ఇప్పుడు ఎలా ఉందో చెప్తాను. తీసినవి పైన ముందుపళ్ళు రెండు, చీము పట్టిన దవడపళ్ళు రెండు. నిన్న అద్దంలో ముందు ఖాళీ చూసుకుని "గుహ" అంది. అందులోంచి నాలుక బయటపెట్టి అందర్నీ భయపెడుతోంది. 'స' పలకడం లేదు, సీసాని తీతా అంటోంది. ఆ వస్తువే ఇంట్లో లేదు కాబట్టి ఇబ్బంది లేదు. నిన్న రెండు అరటిపళ్ళు మెదిపి పెడితే గిన్నె నాకి, ఇంకా ఉందా అని అడిగింది. ఇంకా ఉందా అన్న మాట ఈ పిల్ల నోట వినడం నాకు ఇదే మొదటిసారి. రాత్రి ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయింది. దానికి మొండితనమనీ, మూగతనమనీ, తిండి మీద పెంకితనమనీ మనం పెట్టిన పేర్లన్నీ నొప్పివే. అది మామూలు పిల్ల. నొప్పి ఉన్న మామూలు పిల్ల.

పొద్దునా రాత్రీ నేనో తనో పక్కన నిలబడి తోమిస్తున్నాం. బఠాణీ గింజంత పేస్టు, అంతకన్నా వద్దంది డాక్టరు. వచ్చే నెల నుంచి నాకు రాత్రి డ్యూటీ బదులు మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు. అడగడానికి వెళ్తే సూపర్‌వైజరు "కూతురి పళ్ళకీ నీ షిఫ్టుకీ సంబంధమేంటయ్యా?" అన్నాడు. అంతా చెప్పాను. చివరిదాకా విని, "మా పెద్దాడికి కూడా నల్లగానే ఉంటాయి" అని మార్చేశాడు.

ఇక నీ ఉత్తరంలోని ఆఖరి పేజీ. నన్ను తిట్టని ఒకే ఒక్క పేజీ అది. దాన్ని చదివాకే నాకు అసలు కోపం వచ్చింది.

బుడ్డోడికి కింద రెండు పళ్ళు వచ్చాయని రాశావు, సంతోషం. చెల్లి కూడా ఒకప్పటి నీలాగే ఫోన్ల ఆఫీసులో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది కాబట్టి, వాడు గునిసినప్పుడల్లా రబ్బరు పీకకి చక్కెర అద్ది నోట్లో పెడితే ఊరుకుంటున్నాడని రాశావు. ఆ తర్వాత, "పిడుగులాగే వీడికి కూడా అప్పుడే సద్దు చెయ్యకుండా ఉండడం వచ్చేసింది, బంగారుతండ్రి" అని రాశావు.

ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో తెలియదు. అమ్మా, ఎనిమిది నెలల పిల్లాడు సద్దు చెయ్యాలి. అది వాడి ఉద్యోగం. ఈ ఇంట్లో ఒకదాని నోరు మూయించి ఏం సాధించామో పైన నాలుగు పేజీలు రాశాను. నువ్వు అక్కడ రెండోది మొదలుపెట్టావు.

నువ్వు ప్రేమతోనే చేస్తావని నాకు తెలుసు. నిన్ను తిట్టడం తేలిక. నువ్వు రాత్రంతా టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో చెవులకి తీగలు తగిలించుకుని వచ్చి మా ఇద్దర్నీ పెంచావు. నువ్వు పడుకుంటే నేనూ చెల్లీ పిల్లుల్లా నడిచేవాళ్ళం. మనింట్లో నిద్రపోయేవాళ్ళని లేపడమంటే దొంగతనం చేసినంత పని. నీకు నిద్ర దక్కాలంటే మా నోట్లో ఏదో ఒకటి ఉండాలి, వేరే దారి నీకు ఎవరూ చూపించలేదు. నా దవడల్లో మూడు పళ్ళు లేవు. పాతికేళ్ళకే పోయాయి. అది అందరికీ ఉండేదే అనుకున్నాను. నీ కట్టుడు పళ్ళ సంగతి నేను ఎత్తను.

కానీ ఇప్పుడు తెలిసింది కదా. తెలిశాక కూడా "మా కాలంలో" అన్నావంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

నీకు చెప్పకుండా చేసిన పని ఒకటుంది. చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. శనివారం బావకి ఫోన్ చేశాను. నీ ఉత్తరం ఆ పేజీ చదివి వినిపించాను. ఆ కోపంలో, "బుడ్డోడి సీసా మా అమ్మ చేతికి ఇవ్వకండి. పిల్లాణ్ణి ఆవిడ దగ్గర ఒంటరిగా వదలకండి" అన్నాను.

 బావ, "బావా, మరి పగలు వాణ్ణి ఎవరు ఎత్తుకుంటారు? నేను డ్రైవింగు మీద ఉంటాను, మీ చెల్లి పడుకుని ఉంటుంది. వాడు రోజంతా నవ్వేది అత్తయ్యని చూసే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే చిరాకేసింది. సీసాలు ఇచ్చిన ముగ్గురిలో ఒకర్ని పట్టుకుని, మిగతా ఇద్దరూ తప్పించుకున్నట్టుంది నా మాట. మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. బావ మంచివాడు కాబట్టి నీ దాకా రానివ్వలేదు. కానీ ఏదో ఒకరోజు అతని నోటో చెల్లి నోటో వింటే నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే నేనే చెప్తున్నాను. అన్నాను. తప్పు. తిట్టాలనుకుంటే ఈసారి నాలుగు పేజీలూ వాడుకో.

చక్కెర విషయంలో మాత్రం వెనక్కి తగ్గడం లేదు. పీకకి ఏమీ అద్దకు. పాలు తాగాక తడిగుడ్డ వేలికి చుట్టి ఆ రెండు పళ్ళూ తుడువు. పాలసీసాతో పడుకోబెట్టకు. వాడి చెంచా నీ నోట్లో పెట్టి వేడి చూడకు, పెద్దవాళ్ళ నోటి పుచ్చు పిల్లలకి అలా కూడా అంటుతుందట. వాడు ఏడిస్తే ఎత్తుకుని వరండాలోకి వెళ్ళు. చెల్లి లేస్తే లేస్తుంది. దానికి కూడా ఫోన్ చేసి చెప్పాను. "లేస్తే లేస్తాన్లే అన్నయ్యా, నా కొడుకేగా" అంది.

ముందు దెబ్బతినేవి పైపళ్ళని రాశాను కదా. బుడ్డోడికి పైవి ఇంకా రాలేదు. డాక్టరుని అడిగితే ఇంకో నెలా రెండు నెలల్లో వస్తాయంది. మొదటి పన్ను కనపడగానే ఒకసారి చూపించాలట, ఏడాది నిండేదాకా ఆగొద్దంది. నొప్పి వచ్చాక వెళ్ళడం కాదు, ఏమీ లేనప్పుడే వెళ్ళాలి. పిల్లాణ్ణి నీ ఒళ్ళో పడుకోబెట్టుకుని, నీ మోకాళ్ళూ అక్కడి డాక్టరు మోకాళ్ళూ ఆనించి కూర్చుంటే, వాడి తల ఆవిడ ఒళ్ళోకి వస్తుంది. వాడు నీ మొహం చూస్తూ ఉంటాడు, ఆవిడ పళ్ళు చూస్తుంది. రెండు నిమిషాల పని. వాడు ఏడుస్తాడు, నోరు ఇంకా బాగా తెరుచుకుంటుంది, మంచిదే. నీకున్న అనుమానాలన్నీ అక్కడే ఆవిడని అడుగు. నన్ను అడిగినట్టే గట్టిగా అడుగు.

వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి మీ వీధి చివర ఉన్న పిల్లల పళ్ళ డాక్టరు దగ్గర బుడ్డోడి పేరు రాయించాను. బావ బండి మీద దింపుతాడు. వెంట వచ్చే పెద్దవాళ్ళెవరని ఆసుపత్రివాళ్ళు అడిగితే, అమ్మమ్మ అని చెప్పాను.

ఇట్లు,
నీ పెద్దోడు